క్రూజ్‌లో స్పీడ్ పడిపోవడం, టైమ్ రేటు పెంచితే ముక్కు ఊగడం: రెండింటికీ కారణాలు వేరు

మీరు అడిగింది ఇదీ: కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడుతూ హైదరాబాద్ నుంచి లండన్‌కు బోయింగ్ 777లో బయల్దేరి 39 వేల అడుగులు సెట్ చేసి ఆటోపైలట్‌కు వదిలేశారు, కాసేపటికి స్పీడ్ తగ్గుతూ తగ్గుతూ స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరిక వచ్చింది. ఇంకోసారి పది గంటలు కూర్చోలేక టైమ్ రేటు (సిమ్‌లో కాలం నడిచే వేగం) పెంచితే ముక్కు పైకీ కిందికీ ఊగి ఊగి చివరికి విమానం కూలిపోయింది. సిమ్యులేటర్‌లో బగ్గా, జాయ్‌స్టిక్ పోయిందా అని మీ అనుమానం. చాలా ఏళ్లుగా రాత్రిపూట ఈ లాంగ్ ఫ్లైట్లే వేస్తుంటాను కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను, మొదటిదానిలో సిమ్యులేటర్ తప్పేమీ లేదు, నిజం విమానమైనా అలాగే చేస్తుంది. రెండోది మాత్రం సిమ్యులేటర్ వల్ల వచ్చిందే.

ముందు మొదటిది. ఇంధనం ఎంత పెట్టారో మీరు రాయలేదు, కానీ చాలామంది లాంగ్ ఫ్లైట్ అనగానే ఫ్యూయల్ స్లైడర్‌ని వంద శాతానికి లాగేస్తారు. 777-200ఎల్ఆర్‌లో ట్యాంకులు నింపితే దాదాపు 145 టన్నులు పడుతుంది. లండన్‌కు గంటకు ఏడు టన్నుల లెక్కన వేసుకున్నా రిజర్వుతో కలిపి అందులో సగం కాస్త దాటితే చాలు. మిగతాదంతా మీరు ఊరికే మోసుకుపోతున్న బరువు. దానికి ప్రయాణికులూ సామానూ కలిస్తే గరిష్ఠ టేకాఫ్ బరువు 3,47,450 కిలోలకు దగ్గరకు వెళ్తారు. ఆ బరువుతో మొదట్లోనే 39 వేల అడుగులు అసలు కుదరదు, 30 వేల చుట్టుపక్కలే దానికి సుఖం.

పైన గాలి పల్చన కాబట్టి అంత బరువును నిలబెట్టాలంటే ముక్కు ఎక్కువ ఎత్తి ఎగరాలి. ముక్కు ఎత్తితే డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) పెరుగుతుంది, ఆ ఎత్తులో ఇంజిన్లకు దాన్ని గెలిచేంత థ్రస్ట్ (ముందుకు తోసే బలం) మిగలదు, స్పీడ్ పడుతుంది. ఎత్తు పట్టుకోమని మీరు చెప్పారు కాబట్టి ఆటోపైలట్ ఇంకాస్త ముక్కు ఎత్తుతుంది, స్పీడ్ ఇంకాస్త పడుతుంది. అది మీరు చెప్పిన పని చేస్తూనే స్టాల్‌లోకి తీసుకెళ్తుంది. స్క్రీన్ మీద ఎడమవైపు స్పీడ్ టేపును గమనించండి. కింద నుంచి ఒక పసుపు పట్టీ (స్పీడ్ ఇంతకన్నా తగ్గకూడదని), పై నుంచి ఇంకో పసుపు పట్టీ (ఇంతకన్నా పెరగకూడదని) ఉంటాయి. బరువుకు తగిన ఎత్తులో ఉంటే రెండింటి మధ్య బోలెడంత జాగా కనిపిస్తుంది. మరీ ఎక్కువ ఎత్తుకు వెళ్తే అవి రెండూ దగ్గరకొచ్చి మీ స్పీడ్ ఆ సందులో ఇరుక్కుంటుంది. పైలట్లు కాఫిన్ కార్నర్ అనేది దీని చివరి దశనే.

ఎంత ఎత్తు తగినదో ఊహించుకోనక్కర్లేదు. బోయింగ్‌లో ఎఫ్‌ఎంసీ (కాక్‌పిట్‌లోని ఫ్లైట్ కంప్యూటర్) వీనావ్ క్రూజ్ పేజీలో ఆప్టిమమ్, మ్యాక్సిమమ్ ఎత్తులు రాసి ఉంటాయి, ఎయిర్‌బస్‌లో అయితే అలాంటి కంప్యూటర్‌లోనే ప్రోగ్ పేజీలో ఉంటాయి. నేను ఆప్టిమమ్‌కు రెండు వేల అడుగులకు మించి పైకి వెళ్లను. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ ఆ అంకె పెరుగుతుంది, దాన్నిబట్టి 31 వేల నుంచి 35కీ, తర్వాత 37కో 39కో మెట్లుమెట్లుగా ఎక్కాలి. స్టెప్ క్లైంబ్ అంటే ఇదే.

మన వైపు నుంచి ఎగిరేవాళ్లు ఇంకో సంగతి పట్టించుకోవాలి. లైవ్ వెదర్ పెట్టుకుంటే ఉష్ణోగ్రత చూడండి. లెక్కల ప్రకారం 35 వేల అడుగుల దగ్గర సుమారు మైనస్ 54 డిగ్రీలు ఉండాలి, వర్షాకాలంలో దక్షిణ భారతం మీద అక్కడ మైనస్ 40 దగ్గరే ఉండటం మామూలే. గాలి అంత వెచ్చగా ఉంటే ఇంజిన్ల సత్తా తగ్గుతుంది, మ్యాక్సిమమ్ ఎత్తూ దిగుతుంది. యూరప్ మీద హాయిగా ఎగిరిన బరువే ఇక్కడ కష్టపడటం చూసి విమానం పాడైందనుకుంటారు. అదేమీ కాదు, పాపం దానికి వేడి.

ఇక గాలి వేగం. చలికాలంలో ఉత్తర భారతం మీద పశ్చిమం నుంచి వీచే జెట్ స్ట్రీమ్ వంద నాట్లు దాటుతుంది. దాని అంచు దాటేటప్పుడు స్పీడ్ పది పదిహేను నాట్లు అటూ ఇటూ అవడం, థ్రాటిల్ దానికదే కదలడం సహజం. కానీ ఒక్క క్షణంలో నలభై నాట్లు మారి ఓవర్‌స్పీడ్ మోగిందంటే అది వాతావరణ డేటా ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకడం వల్ల వచ్చిన గోల. 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో ఈ బాధ మరీ ఎక్కువగా ఉండేది, ఎఫ్‌ఎస్‌యూఐపీసీ అనే అదనపు ప్రోగ్రామ్‌లో గాలి మార్పును నెమ్మదింపజేసే ఆప్షన్ కోసమే చాలామంది దాన్ని కొనుక్కున్నారు. ఇప్పటి వాటిలో తగ్గింది.

రెండో సమస్యకొద్దాం. మీ పీసీ సెకనుకు 30 ఫ్రేములు ఇస్తోందనుకోండి. మామూలు రేటులో ఆటోపైలట్ సెకనుకు 30 సార్లు చూసి సరిదిద్దుతుంది. నాలుగు రెట్లు పెడితే ఒక్కో ఫ్రేముకు దాటిపోయే కాలం నాలుగింతలు, పదహారు రెట్లు పెడితే ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య విమానానికి అర సెకను పైనే గడిచిపోతుంది. కళ్లు మూసుకుని బైకు నడుపుతూ మధ్యమధ్యలో ఒక్కసారి తెరిచి హ్యాండిల్ సరిచేసినట్టుంటుంది దాని పని. ముక్కు కాస్త దిగిందని చూసి ఎత్తుతుంది, మళ్లీ చూసేసరికి ఎక్కువ ఎత్తేసి ఉంటుంది, దించుతుంది, అది ఇంకా ఎక్కువ దిగుతుంది. వర్టికల్ స్పీడ్ ప్లస్ 300, మైనస్ 500, ప్లస్ 900 అని పెరుగుతూ పోతుంటే అది ఇదే. వెంటనే రేటు ఒకటికి దించేయండి, చాలాసార్లు నిమిషంలో దానికదే కుదుటపడుతుంది. పడకపోతే ఆటోపైలట్ తీసేసి, చేత్తో లెవెల్ చేసి, ట్రిమ్ (ముక్కును ఒకే కోణంలో నిలిపే సర్దుబాటు) సర్ది, మళ్లీ వేయండి. ట్రిమ్ ఎక్కడో చివర ఇరుక్కుని ఉండగా మళ్లీ వేస్తే లాభం లేదు.

నా పద్ధతి ఏంటంటే, తిన్నగా పోయే పొడవైన లెగ్‌లో మాత్రమే రేటు పెంచుతాను, నాలుగు రెట్లు దాటను, మలుపుకీ స్టెప్ క్లైంబ్‌కీ ముందు ఒకటికి తెస్తాను. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో ప్రస్తుతం ఏ రేటులో ఉన్నామో తెర మీద తేలిగ్గా కనిపించదు, అందుకే అనుమానం వస్తే సిమ్ గడియారాన్ని మొబైల్ గడియారంతో పోల్చి చూడండి. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్ వాడేవాళ్లకు దీనికి ఉల్టా సంగతి ఒకటుంది: ఫ్రేములు 20 కన్నా పడిపోతే లెక్కలు తప్పకుండా ఉండటానికి అది లోపలి కాలాన్నే నెమ్మది చేస్తుంది. పది గంటల ఫ్లైట్ పన్నెండు గంటలైందంటే కారణం అదే, గ్రాఫిక్స్ తగ్గించుకోవాలి.

జాయ్‌స్టిక్ మీద మీ అనుమానం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. కంట్రోల్స్ సెట్టింగ్స్ తెరిచి, చేయి తీసేసి, ఆ గీతల వంక ఒక నిమిషం ఊరికే చూస్తూ కూర్చోండి. ఎవరూ ముట్టుకోకుండా గీత ఉలిక్కిపడుతుంటే లోపలి సెన్సర్‌లో దుమ్మో అరుగుదలో ఉన్నట్టు. నా పాత స్టిక్ ఇలాగే అయింది, కొన్ని విమానాల్లో స్టిక్ కాస్త కదిలినా ఆటోపైలట్ ఊడిపోతుంది కాబట్టి అర్ధరాత్రి అరేబియా సముద్రం మీద అలారం మోగేది. కొంచెం డెడ్‌జోన్ (స్టిక్ చిన్న కదలికల్ని లెక్కచేయని హద్దు) పెంచితే తగ్గింది. మైక్రోసాఫ్ట్‌దైతే అసిస్టెన్స్ ఆప్షన్లలో ఆటో ట్రిమ్, ఆటో రడ్డర్ లాంటివి ఆపేయండి, విడిగా తెచ్చిపెట్టుకునే పెద్ద యాడ్-ఆన్ విమానాల సొంత వ్యవస్థతో అవి కొట్లాడతాయి.

చిన్న విమానంలో మెల్లగా ఒక పక్కకు వాలుతుంటే ముందు ఫ్యూయల్ సెలెక్టర్ చూడండి. సెస్నా 172లో రెండు ట్యాంకులూ కలిపి వాడే స్థానం ఉంటుంది, పైపర్ వారియర్‌లో ఉండదు, ఎడమో కుడో ఒకటే. అరగంటకోసారి మార్చకపోతే ఒక రెక్క బరువెక్కి వాలుతుంది, అదీ నిజమే.

పది గంటలు కుర్చీలో కూర్చోవాలని ఎవరూ అనరు. నేను డిన్నర్ అయ్యాక టేకాఫ్ చేసి, క్రూజ్‌లో అన్నీ సర్దుకున్నాక పడుకుంటాను. యాడ్-ఆన్‌లు తయారుచేసే పీఎండీజీ వాళ్ల విమానాల్లోనూ, ఫ్లైబైవైర్ వాళ్ల ఎ320లోనూ దిగడం మొదలయ్యే చోట దానంతటదే పాజ్ అయ్యే ఆప్షన్ ఉంది, అది తప్పకుండా పెట్టండి, లేకపోతే లండన్ దాటి అట్లాంటిక్ మీదకు పోతుంది. దిగడం ఎక్కడ మొదలుపెట్టాలో మీరే లెక్క వేసుకోవాల్సి వస్తే ఎత్తు వేలల్లో ఎంతో దాన్ని మూడుతో గుణించండి, 35 వేల అడుగులైతే 105 నాటికల్ మైళ్ల ముందు నుంచి. విండోస్‌లో స్లీప్ ఆపేయండి, యూఎస్‌బీ పవర్ సేవింగ్ కూడా ఆపేయండి, లేకపోతే మధ్యలో జాయ్‌స్టిక్ నిద్రపోయి లేచినప్పుడు థ్రాటిల్ ఒక్కసారి ఎగురుతుంది. ఎండాకాలంలో కరెంటు పోయే ఊళ్లో ఉంటే యూపీఎస్ లేకుండా లాంగ్ ఫ్లైట్ మొదలుపెట్టకండి, ఇంటి ఇన్వర్టర్ అందుకునేలోపే పీసీ రీస్టార్ట్ అవుతుంది. అందరూ కలిసి ఆన్‌లైన్‌లో ఎగిరే వ్యాట్‌సిమ్ నెట్‌వర్క్‌లో మాత్రం ఇలా పడుకోవడం కుదరదు, 30 నిమిషాలకు మించి వదిలి వెళ్లకూడదని వాళ్ల నియమం.

ఈసారి ఇంధనం లెక్క వేసి నింపి, 31 వేల దగ్గర మొదలుపెట్టి, రేటు ఒకటిలోనే ఉంచి గంటసేపు చూడండి. అప్పుడూ ఊగితే మొత్తం బరువు, ఎత్తు, మాక్ నంబర్ (ధ్వని వేగంతో పోల్చిన స్పీడ్), ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు), బయటి ఉష్ణోగ్రత ఈ అయిదూ కింద రాయండి, వీలైతే స్పీడ్ టేపు ఫోటో కూడా పెట్టండి. చూసి చెప్తాను.