అనంతపురం ఎండల్లో ఎత్తు పెరిగే అలంకార గడ్డి: ఏది నాటాలి, ఎప్పుడు కోయాలి?

నమస్కారం. అనంతపురం శివార్లలో ఎర్ర గరుసు నేలలో కొత్తగా ఇల్లు కట్టుకున్నామనీ, పడమటి ప్రహరీ వెంబడి మనిషి ఎత్తు పెరిగే గడ్డి వేయాలనుకుంటున్నామనీ రాశారు. ఫోటోల్లో చూసిన, పెద్ద పెద్ద కుచ్చులు పూసే పంపాస్ గ్రాస్ ఇక్కడి వేసవికి నిలుస్తుందా అనీ, గడ్డి పెంచితే పాములు చేరతాయేమోననీ అడిగారు. మా ఇల్లు కూడా ఈ ఊరి పొలిమేరలో అదే రకం నేలలోనే ఉంది; బోరు నీటితోనే వట్టివేరు, నిమ్మగడ్డి, ఊదారంగు ఫౌంటెన్ గ్రాస్ ఏళ్ల తరబడి పెంచుతున్నాను. ఆ అనుభవం మీద నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, ఇక్కడి తోటల్లో ఈ గడ్డి దెబ్బతినడానికి ఎండ కంటే పెద్ద కారణం, చలి దేశాల వీడియోలు చూసి అక్కడి నెలల ప్రకారం నాటడం, కోయడం.

ఆ దేశాల్లో గడ్డి దుబ్బు చలికాలమంతా ఎండిపోయి నిద్రలో ఉంటుంది కాబట్టి, చలి తగ్గే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలుకంటా కోసేస్తారు. ఆ వెంటనే వచ్చే వసంతపు తడికి కొత్త చిగురు లేస్తుంది. మనకు చలికాలం గడ్డిని నిద్రపుచ్చేంత గట్టిది కాదు. మన దగ్గర గడ్డికి విశ్రాంతి కాలం నీటి ఎద్దడి ఉండే వేసవి. మార్చిలో కోస్తే లేత చిగురు సరిగ్గా నలభై డిగ్రీల ఎండకు ఎదురుగా లేస్తుంది, దాన్ని బతికించడానికి రెట్టింపు నీళ్లు పోయవలసి వస్తుంది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే, అందులోనూ సెప్టెంబరులో అధికంగా కురుస్తుంది. అందువల్ల నేను ఎండిన ఆకును వేసవి అంతా దుబ్బు మీదే ఉండనిస్తాను, ఆ ఆకే మొదలుకు నీడ అవుతుంది. రోహిణి కార్తె చివర, తొలకరి జల్లు పడే సూచన కనిపించినప్పుడు, దుబ్బును నడుము దగ్గర తాడుతో మోపులా బిగించి కట్టి, నేల నుంచి జానెడు ఎత్తు వదిలి కొడవలితో కోస్తాను. తాడు కట్టకుండా కోస్తే ఆకంతా చెల్లాచెదురై, ఊడ్చుకునే పని కోత పని కంటే ఎక్కువవుతుంది. కొత్త పిలకలు నాటడానికి కూడా మృగశిర కార్తె నుంచి సెప్టెంబరు వరకే అనువైన కాలం. డ్రిప్పులో నీటికి కొదవ లేనివారు ఫిబ్రవరిలో కోసినా నష్టం లేదు గానీ, మన బోర్ల సంగతి మీకూ తెలిసిందే.

గడ్డిని ఎన్నుకునేటప్పుడు కూడా ఈ విషయమే చూడాలి. గడ్డిలో చల్లని కాలంలో పెరిగే జాతులు, వేడి కాలంలో పెరిగే జాతులు అని రెండు తెగలున్నాయి. ఆన్‌లైన్ అంగళ్లలో అందంగా కనిపించే బ్లూ ఫెస్క్యూ, ఫెదర్ రీడ్ గ్రాస్ వంటివి మొదటి తెగవి. అవి మన ఎండకు నిలవవు, వాటి మీద డబ్బు పెట్టవద్దు.

మీ ప్రహరీకి నేను మొదట చెప్పేది వట్టివేరు. దీన్ని అలంకార మొక్కగా చూసేవారు తక్కువ, వేసవిలో తడికలకూ కుండనీళ్లకూ వాడే వేరుగానే మనకు పరిచయం. కానీ ఐదడుగుల వరకు నిటారుగా లేచి, కొసల దగ్గర మాత్రం వంగి, గాలికి ఊగుతూ ఉండే ఆ ఆకు వరుసను ఒకసారి చూస్తే మీ అభిప్రాయం మారవచ్చు. దీని వేరు పక్కలకు పాకదు, నిలువునా కిందికి పోతుంది. వదులు నేలల్లో మూడు మీటర్ల లోతు వరకు కూడా దిగుతుంది. అందువల్ల గోడ పునాదికీ, పక్కనున్న మొక్కలకూ ఇబ్బంది ఉండదు. దక్షిణ భారతదేశంలో సాగుచేసే రకాలు మొలకెత్తే విత్తనం కట్టవు కాబట్టి తోటంతా వ్యాపిస్తుందన్న భయమూ లేదు. కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంతంలో రైతులు దీన్ని పొలాల హద్దుల మీద నాటుకుని తరతరాలుగా ఉంచుకున్నారంటే కారణం ఈ నిలకడే. తెరలా కావాలంటే పిలకకూ పిలకకూ జానెడు లోపు దూరం చాలు. విడివిడి దుబ్బులుగా కనిపించాలంటే మూడడుగులు వదలండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మనకు వీచే పడమటి గాలి ఎటువంటిదో చెప్పనక్కరలేదు, ఉరవకొండ, బెళుగుప్ప వైపు గాలిమరలు వెలిసింది దాన్ని నమ్ముకునే. ఆ గాలికి వట్టివేరు పడిపోదు.

దాని ముందు వరుసలో ఊదారంగు ఫౌంటెన్ గ్రాస్ వేసుకుంటే రంగు వస్తుంది. మూడు, నాలుగడుగులు పెరిగి, నక్క తోకల్లాంటి కంకులతో ఏడాదిలో చాలా కాలం పూస్తుంది. ఊదారంగు రకం విత్తనం దాదాపు కట్టదు, దుబ్బు చీల్చే పెంచాలి. ఆకుపచ్చ రకం మాత్రం విత్తనం రాల్చుకుంటూ పోతుంది. హవాయి దీవుల్లో, ఆస్ట్రేలియాలో అది కలుపుగా మారి కార్చిచ్చులకు ఆజ్యం పోస్తోంది కాబట్టి, నర్సరీలో ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోవద్దు. రెండు మూడేళ్లకు దుబ్బు నడిమి భాగం ఎండి బోలుగా అవుతుంది. అప్పుడు తవ్వి, అంచున ఉన్న పిలకలను మాత్రం తిరిగి నాటుకోవాలి.

ఇక మీరు మనసు పడ్డ పంపాస్ సంగతి. అది దక్షిణ అమెరికా గడ్డి. ఇక్కడ బతుకుతుంది, కానీ వట్టివేరులా నీళ్లు మరిచిపోతే ఊరుకునే రకం కాదు. ఆదోనిలో మా చెల్లెలి ఇంట్లో ఒక దుబ్బు ఉంది. అక్కడిది నల్లరేగడి నేల కాబట్టి, వానాకాలంలో నీరు నిలవకుండా గరుసు కలిపి మిట్ట చేసి నాటారు, స్నానాల గది నీళ్లు దానికే మళ్లించారు. కుచ్చులు వస్తాయి, అయితే ఫోటోల్లో కనిపించేంత నిండుగా రావు. ఆ నిండు కుచ్చులు ఆడ మొక్కలవి. విత్తనంతో పెంచితే ఏ మొక్క వస్తుందో పూసే దాకా తెలియదు, పూయడానికే రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే, పూత చూసిన దుబ్బు నుంచి పిలక తెచ్చుకోవడం మేలు. నీలం, ఎరుపు రంగుల పంపాస్ విత్తనాలంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవి కొనకండి. ఆ రంగులు ఎండిన కుచ్చులకు అద్దినవే గాని మొక్కకు పుట్టుకతో వచ్చినవి కావు. అది సహజంగా తెలుపు, మీగడ రంగు, లేత గులాబీ ఛాయల్లోనే పూస్తుంది. ఆకు అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి పిల్లలు ఆడుకునే చోట అసలు వద్దు. గోడకు కనీసం నాలుగడుగుల దూరం ఉండాలి.

తెల్లని కుచ్చులే కావాలంటే దసరా నాటికి పెన్న, తుంగభద్ర ఒడ్డున విరగబూసే రెల్లు మన కళ్లెదుటే ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. అందంలో దానికి సాటి లేదన్నది నా మాట కూడా. అయితే దాని దుంపవేరు నేల లోపల పాకి, ఎక్కడో దూరంగా మొలుస్తుంది, ఒకసారి పట్టుకుంటే పీకడం సాధ్యం కాదు. తప్పదనుకుంటే బావులకు వాడే సిమెంటు ఒరను భూమిలో దింపి, అంచు నాలుగు వేళ్ల ఎత్తు పైకి ఉండేలా చూసి, అందులోనే నాటండి. విత్తనం గాలికి లేవకముందే కుచ్చులు కోసేయండి.

ఎరువు విషయంలో చెయ్యి బిగించాలి. గుంతలో చివికిన పశువుల ఎరువు ఒక గంప చాలు. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరిగి గాలికి వాలిపోతుంది. మొదటి ఏడాది వేసవిలో వారానికి రెండు సార్లు లోతుగా తడపాలి, వేరు దిగాక వట్టివేరుకు పదిహేను రోజులకొక తడి సరిపోతుంది. నేలలో సున్నం ఎక్కువగా ఉన్నచోట లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పాలిపోతుంది. వేరుశనగ వేసేవారికి ఇది తెలిసిన ఇనుప లోపమే, మందు కూడా అదే: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము సిట్రిక్ యాసిడ్ కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. తేమ ఆరకుండా దుబ్బు చుట్టూ వేరుశనగ పొట్టు పరచవచ్చు గాని, ఎర్రనేలలో చెదలు త్వరగా పడతాయి కనుక దుబ్బుకు జానెడు ఎడంగా పరచండి.

పాముల గురించి మీ భయం అర్థం లేనిది కాదు. రక్తపింజరి, నాగుపాము మన శివారు కాలనీలకు కొత్త కాదు. అవి గడ్డి కోసం రావు, ఎలుకల కోసం వస్తాయి, అయితే నేల కనబడనంత దట్టమైన గడ్డి వాటికి దాపు అవుతుంది. వట్టివేరు వాసనకు పాములు రావన్న మాటను నమ్మి నిశ్చింతగా ఉండవద్దు. గడ్డిని వాకిలికీ, నడిచే దారికీ పది అడుగుల అవతలే ఉంచి, దుబ్బుల కింద వేలాడే ఎండు ఆకును అప్పుడప్పుడు తీసేసి నేల కనబడేలా ఉంచాలి. కోత రోజున ముందు కర్రతో దుబ్బును తట్టి, బూట్లు, తోలు చేతి తొడుగులు వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. దీపావళి నాటికి కంకులు ఎండి ఉంటాయి కాబట్టి ఆ వైపు చిచ్చుబుడ్లు, తారాజువ్వలు కాల్చనివ్వకండి; వేసవిలో గోడ అవతల చెత్త తగలబెట్టే అలవాటు ఇరుగుపొరుగుకు ఉంటే, ఆ వైపు దుబ్బులను మాత్రం తొలకరి దాకా ఆగకుండా ముందే కోసి, వాటికి వారానికి ఒక తడి అదనంగా ఇవ్వండి.