మామిడి చెట్టు కింద గడ్డి బతకడం లేదు, బదులుగా ఏం పెంచాలి?

గరిక జాతి లాన్ గడ్డికి నిండా ఎండ కావాలి. దట్టమైన మామిడి నీడలో ఎన్నిసార్లు నాటినా పలచబడి పోతుంది. ఎరువు వేసి లాభం లేదు, మొక్కనే మార్చాలి.

నా మొదటి ఎంపిక స్పైడర్ ప్లాంట్. పొడవాటి కాడలు సాగి, వాటి చివర పిల్ల మొక్కలు వేలాడతాయి. ఒక్కొక్కటి నేలకు తాకి వేరు పట్టేస్తుంది. ఒక మొక్కను పీకి చూడండి. ముల్లంగి పిల్లల్లా తెల్లగా ఉబ్బిన వేళ్లు కనిపిస్తాయి. వాటిలో నీరు నిల్వ ఉంటుంది కాబట్టే రెండు రోజులు తడపడం మరిచినా వాడదు. చెమ్మ నిలిచే మూల ఉంటే సరస్వతి ఆకు వేయండి, పచ్చడికీ పనికొస్తుంది. మాండో గడ్డి అందమే గానీ, అల్లుకోవడానికి ఏళ్లు పడుతుంది. మనీ ప్లాంట్ నేలమీద బాగా పాకుతుంది. మాను దొరికితే మాత్రం ఎక్కేస్తుంది, ఎక్కాక ఆకు చేటంత అవుతుంది. అంచులు కత్తిరిస్తూ ఉండాలి.

పసుపు పూల వెడేలియాను నర్సరీలో అంటగడతారు, వద్దనండి. ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలో అదీ ఉంది.

నాటేటప్పుడు గునపంతో తవ్వకండి. చెట్టుకు ఆహారం అందించే సన్నని వేళ్లు పైపొరలోనే ఉంటాయి. రెండంగుళాల ఆకు ఎరువు పరచి, తొలకరి పడ్డాక చిన్న గుంటల్లో నాటితే చాలు. మాను మొదట్లో మాత్రం జానెడు ఖాళీ వదలండి.