నవల రాయబోతున్న మా అమ్మాయికి

అమ్మడూ,

చైనా జిన్ వంశం మీద నవల రాయడానికి సెలవు పెట్టావట. జీతం ఉన్న సెలవా, లేనిదా అంటే మీ నాన్న మాట దాటేశాడు. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తెల్లారాక మాత్రం వాకింగ్‌లో కనిపించిన ప్రతివాడికీ గొప్పగా చెప్పుకున్నాను.

పాత్రల్లో సగం మంది సిమాలే, అది ఆ రాజుల ఇంటిపేరు; వంశవృక్షం గీసి గోడకి అంటించుకో. క్రీ.శ. 291 నుంచి 306 దాకా సాగిన ఎనిమిది మంది రాకుమారుల యుద్ధాన్ని మొత్తం ఎత్తుకోకు. వేళకి తిను.

నాకు పట్టుకున్న భయమల్లా కాగితాల గురించే. రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజుల మధ్య బతికినవాణ్ణి కదా!

చక్రవర్తి సిమా యాన్‌కి కొడుకు ఝోంగ్ తెలివి మీద అనుమానం. ప్రశ్నలు రాసి పంపాడు. కోడలు జియా నాన్‌ఫెంగ్ జవాబులు వేరేవాళ్లచేత రాయించింది. శాస్త్రవాక్యాలు గుప్పిస్తే దొరికిపోతామని ఒకాయన హెచ్చరిస్తే, మామూలు మాటల్లోకి మార్పించి మొగుడిచేత చూసి రాయించింది. మామగారు మురిసిపోయాడు. 290లో ఝోంగ్ గద్దెనెక్కాడు.

పదేళ్లకి అదే ఉపాయం సవతి కొడుకు, యువరాజు సిమా యూ మీద. తండ్రికి ఒంట్లో బాలేదని పిలిపించారు. పరిచారిక మద్యం, రేగుపళ్లు తెచ్చింది. అంత తాగలేనన్నాడు. తండ్రి ఇచ్చింది తాగవా, అందులో ఏమైనా కలిపారనుకున్నావా అని నిలదీశారు. తాగాడు. తూలుతున్నవాడి ముందు కాగితం, కుంచె పెట్టి, రాజాజ్ఞ, ఇది చూసి రాయమన్నారు. నువ్వు చావకపోతే నేనే వచ్చి చంపుతానని తండ్రికి బెదిరింపు అది! ముసాయిదా కవి పాన్ యూయెదంటారు. సగం అక్షరాలు కుదరకపోతే వాళ్లే పూరించారు. సభలో మంత్రి పెయ్ వెయ్ చేతిరాత పోల్చాలని పట్టుబట్టాడు. నాన్‌ఫెంగ్ యువరాజు పాత అర్జీలు పదికి పైగా తెచ్చి పెట్టింది. తేడా ఉందనడానికి ఒక్కడికీ నోరు రాలేదు.

అయిదేళ్లప్పుడు, రాత్రివేళ అగ్నిప్రమాదం చూస్తున్న తాతని, వెలుతుర్లో రాజు కనబడకూడదని అంగీ పట్టి చీకట్లోకి లాగిన బుడతడు వీడే. అంతటివాడు చదవకుండా రాశాడు. మా ఆఫీసులో వేలిముద్ర వేసే ముసలాళ్లని చదివి వినిపించమంటారా అంటే, "మనవాళ్లే కద బాబూ" అనేవాళ్లు. ఈ ఘట్టం దగ్గర నాకు వాళ్ల మొహాలే కనిపిస్తాయి.

అలాగని యువరాజుని దేవుణ్ణి చేసెయ్యకు. భవనంలోనే సంత పెట్టించి, మాంసం చేత్తో పట్టుకుని బరువు చెప్పేవాడు. తల్లిది కసాయి ఇల్లు. నాన్‌ఫెంగ్‌ని నల్లగా, పొట్టిగా వర్ణించి రాక్షసి అనేసి చేతులు దులుపుకోకు కూడా. 300లో విషం తాగనన్న యువరాజుని మందు నూరే రోకలితో కొట్టి చంపించింది నిజమే. కానీ ఆ పని ఆమెచేతే జరగనిచ్చి, ఆ సాకుతో ఆమెని పడగొడదామని కాచుక్కూర్చున్న రాకుమారుడు సిమా లూన్, అతని సలహాదారు సున్ షియూల సంగతి? నన్నడిగితే ఆమె కంటే వాళ్లే ఎక్కువ పేజీలు మింగాలి.

పబ్లిషర్ ఒప్పందం పంపాడట. సంతకం పెట్టావో, చూడు! పేజీలన్నీ ఫొటో తీసి ముందు నాకు వాట్సాప్ చెయ్యి. సినిమా హక్కులు ఎవరికని రాశాడో చూడాలి. డబ్బు తక్కువైతే నాన్నకి చెప్పకు, నాకు చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న