డిజిటల్ కాలంలో అచ్చు దినపత్రికలు నిలుస్తాయా?

నిలుస్తాయి, కానీ ఇన్ని పేజీలతో, ఇన్ని ఇళ్లలో కాదు. పాఠకుడు చెల్లించే ధర ముద్రణ ఖర్చుకు చాలదు. పత్రికను పోషించేది ప్రకటనలే. అవి ఫోన్లలోకి తరలిపోవడమే అసలు దెబ్బ. బ్రిటన్‌లో ‘ది ఇండిపెండెంట్’ 2016లో అచ్చు ఆపేసి వెబ్‌సైటుగా మిగిలింది.

తెలుగు పత్రికల బలం వేరు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లా సంచికలు తెచ్చింది. చెరువు గట్టుకు పడిన గండి, మార్కెట్ యార్డులో మిర్చి ధర, మండల కార్యాలయంలో ఆగిపోయిన పింఛను వంటివి ఆ పేజీల్లో ఊరి పేరుతో సహా కనిపిస్తాయి. ఢిల్లీ వార్త ఎక్కడైనా దొరుకుతుంది, ఇవి దొరకవు. ఖర్చు తగ్గించాలని ముందుగా మండల విలేకరులనే తీసేసే పత్రికను ఎవరూ కాపాడలేరని నా గట్టి నమ్మకం.