ఒక్కపొద్దు రోజే కీటో తప్పుతోంది!

ప్రశ్న: మేడమ్, నాకు 41 ఏళ్లు, మాది తణుకు. నాలుగు నెలల కిందట 78 కిలోలున్నప్పుడు కీటో (పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే డైట్) మొదలుపెట్టాను. మొదటి నెలన్నరలో 6 కిలోలు తగ్గాను, అక్కడి నుంచి కాటా కదలడం లేదు. శనివారం ఒక్కపొద్దు మా అత్తగారి కాలం నుంచి వస్తోంది, మానలేను. దానికి తోడు నెలకు రెండు ఏకాదశులు. ఆ రోజుల్లో అన్నం, ఉప్పు ముట్టను. పగలంతా మంచినీళ్లే, నాలుగు లీటర్ల దాకా తాగుతాను. రాత్రికి రెండు అరటిపళ్లు, గ్లాసుడు పాలు, ఒక కప్పు సగ్గుబియ్యం పాయసం, అంతే. మర్నాడు ఆకలి ఆగదు, ఆదివారం కదా, ఇంట్లో బిర్యానీ ఉంటే అదీ తినేస్తాను. శనివారం సాయంత్రానికి తలనొప్పి, రాత్రి పిక్కలు పట్టేస్తాయి. ఈమధ్య జుట్టు కూడా ఊడుతోంది. ఉపవాసాలు పెంచమంటారా, తినే రోజుల్లో తిండి తగ్గించమంటారా?

జవాబు: రెండూ వద్దు. ఆ 'అంతే' అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. రెండు అరటిపళ్లలో 50 గ్రాముల పిండిపదార్థం, గ్లాసు పాలలో 10, సగ్గుబియ్యం అంటే ఇంచుమించు ఉత్త పిండే, అందులో బెల్లమో పంచదారో కూడా కలుస్తుంది కాబట్టి కప్పుకు ఇంకో 40 వేసుకోండి. మొత్తం వంద గ్రాములు. కీటోలో రోజంతా కలిపి 20 నుంచి 50 లోపు ఉండాలి. అంటే వారం మొత్తంలో మీరు పిండి ఎక్కువ తింటున్న రోజుల్లో ఉపవాసం రోజు ఒకటి! ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. మన ఇళ్లలో ఉపవాసం అంటే అన్నం మానడమే కదా, ఉప్మా, రొట్టె, పళ్లు, పాలు లెక్కలోకి రావు. దేవుడి లెక్కలో సరిపోతుందేమో గానీ కాలేయం లెక్కలో సరిపోదు.

మర్నాడు బిర్యానీతో పని పూర్తవుతుంది. కాలేయంలో, కండరాల్లో కలిపి మనం దాదాపు 400–500 గ్రాముల గ్లైకోజెన్, అంటే నిల్వ చక్కెర, దాచుకుంటాం, ఒక్కో గ్రాము తనతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లను పట్టి ఉంచుతుంది. కీటో మొదట్లో ఈ నిల్వ ఖాళీ అవుతుంది కాబట్టి కాటా జర్రున దిగుతుంది, మీరు తగ్గిన 6 కిలోల్లో ఒకటిన్నర, రెండు కిలోలు ఆ నీళ్లే అయుండొచ్చు. శని, ఆదివారాల్లో ఆ నిల్వ మళ్లీ నిండుతుంది, సోమవారం పొద్దున కాటా ఎక్కితే కిలో పైన పెరిగి కనిపిస్తుంది, మీకు టెన్షన్. అది కొవ్వు కాదు లెండి. కానీ మళ్లీ కొవ్వును కాల్చుకునే స్థితికి, అంటే కీటోసిస్‌లోకి వెళ్లడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, అంటే మీరు దారిలో పడేది ఏ బుధవారమో, ఆ వెంటనే శనివారం వచ్చేస్తుంది. వారానికి మూడు రోజుల కీటో చేస్తూ ఏడు రోజుల ఫలితం రాలేదని బాధపడుతున్నారు.

ఇక తలనొప్పి, పిక్కలు. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా బయటికి పంపేస్తాయి. వారంలో ఎలాగూ ఉప్పు పోతోంది, పైగా ఆ ఒక్క రోజు ఉప్పు పూర్తిగా మానేసి నాలుగు లీటర్ల నీళ్లు తాగితే ఉన్నది కాస్తా పలచబడుతుంది. కొన్నేళ్ల కిందట వీరమాచనేని రామకృష్ణ గారి కీటో తరహా డైట్ రెండు రాష్ట్రాల్లో ఊరూరా పాకిన దగ్గర్నుంచి నీళ్ల లెక్క అందరికీ నోటికొచ్చింది, ఉప్పు లెక్క మాత్రం ఎవరూ అడగరు. మీకు బీపీ, కిడ్నీ ఇబ్బంది లేకపోతే ఆ రోజు పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకుని రెండుసార్లు తాగండి. మామూలు ఉప్పు పనికిరాదంటే సైంధవ లవణం వేసుకోండి, చాలామంది వ్రతాల్లో దాన్ని ఒప్పుకుంటారు. అదీ సోడియమే కాబట్టి మన పనికి సరిపోతుంది. నీళ్లు దాహం వేసినప్పుడు తాగితే చాలు, పందెం అక్కర్లేదు.

మీరు అడిగిన 'ఉపవాసాలు పెంచనా' అన్న మాట దగ్గరికొస్తే, కీటో పుట్టుక తెలిస్తే మీకే అర్థమవుతుంది. మూర్ఛ రోగులు పస్తుంటే ఫిట్స్ తగ్గుతున్నాయని వైద్యులు గమనించారు. కానీ మనిషిని ఎన్నాళ్లని పస్తుంచుతారు? అందుకని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు, తిండి పెడుతూనే పస్తున్నప్పుడు కొవ్వు కరిగి పుట్టే కీటోన్లను పుట్టించే ఆహారం ఒకటి ఆలోచించారు. కీటోజెనిక్ డైట్ అన్న పేరు అలా వచ్చిందే. అంటే కీటోయే ఉపవాసానికి బదులుగా వచ్చిన తిండి. సరిగ్గా తింటే తినే రోజున కూడా మీ ఒంట్లో సగం ఉపవాసం నడుస్తూనే ఉంటుంది. దాని మీద వారానికి మూడు పస్తులు పెడితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. లంఖణం పరమౌషధం అన్నారు నిజమే, అది జ్వరం వచ్చినప్పటి మాట, రోజూ వేసుకునే మందు కాదు. నన్నడిగితే వారానికి ఒకటి, ఏకాదశి పడ్డ వారం రెండు, అదీ వరసగా కాకుండా. మిగతా రోజుల్లో రాత్రి ఏడున్నరకు తినేసి మర్నాడు పది దాకా ఆగితే చాలు.

శనివారం రాత్రి ఒంటిపూట భోజనంలో పాయసం బదులు 150 గ్రాముల పనీరు నేతిలో వేయించి, ఓ ఆకుకూర వేపుడు, కొబ్బరి పచ్చడి, గడ్డ పెరుగు పెట్టుకోండి. నియమం తప్పదు, కడుపూ నిండుతుంది. అరటిపండు నైవేద్యం పెట్టి, ప్రసాదంగా ఓ ముక్క నోట్లో వేసుకుని మిగతాది పిల్లలకివ్వండి.

తినే రోజుల సంగతి ఇంకా ముఖ్యం, జుట్టు ఊడటానికి కారణం బహుశా అక్కడే దొరుకుతుంది. బరువు త్వరగా తగ్గినా, మాంసకృత్తులు చాలకపోయినా రెండు మూడు నెలల తర్వాత జుట్టు రాలుతుంది, తిండి సరిపెడితే చాలావరకు తిరిగొస్తుంది. (థైరాయిడ్, రక్తం పరీక్షలు ఒకసారి చేయించుకోండి, ఊరికే నెపం డైట్ మీద వేయకూడదు.) నెయ్యి, కొబ్బరినూనె ధారగా పోసుకుని రెండు గుడ్లతో సరిపెట్టే వాళ్లను చాలామందిని చూశాను. రెండు గుడ్లంటే 12 గ్రాముల మాంసకృత్తులే, మీ బరువుకు రోజుకు 70 గ్రాముల దాకా కావాలి. మూడు గుడ్లు, ఒక పూట 150 గ్రాముల చేపో చికెనో, ఇంకో పూట పనీరు, పెరుగు. ఇలా శుక్రవారం కడుపునిండా తిన్నవాళ్లకు శనివారం ఆకలి అంతగా వేధించదు, ఆదివారం బిర్యానీ హండా మీద పడరు కూడా. ఆదివారం పొద్దున ముందు కాస్త పెరుగు తిని, అరగంట ఆగి ఆమ్లెట్ వేసుకోండి. బిర్యానీలో ముక్కలు ఏరుకుని తినమని మాత్రం నేను చెప్పను, అది అయ్యే పని కాదు. నెలకోసారి పద్ధతిగా తినండి, ఆ మూడు నాలుగు రోజులు కాటా ఎక్కకండి.

ప్రశ్న: నాకు 54, నిజామాబాద్. షుగర్‌కు గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతున్నా. మా దోస్తు కీటో చేస్తూ రోజు విడిచి రోజు ఉపవాసం ఉంటున్నాడు, నేనూ చేద్దామనుకుంటున్నా.

జవాబు: అన్నగారూ, డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క పూట కూడా మొదలుపెట్టకండి. మీ మొదటి మాత్ర తిండి లేకపోయినా షుగర్‌ను దించుతూనే ఉంటుంది, చెమటలు పట్టి కళ్లు తిరిగి పడిపోవచ్చు. రెండోది ఇంకా జిత్తులమారిది. ఆ రకం మాత్రలు వాడుతూ పిండిపదార్థం బాగా తగ్గించినా, పస్తున్నా రక్తంలో ఆమ్లం పెరిగే కీటోఅసిడోసిస్ రావొచ్చు, అప్పుడు షుగర్ మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి ఇంట్లో మిషన్ పెట్టి చూసుకుని ఏం లేదులే అనుకుంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2015లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ఏ మాత్ర వేసుకుంటున్నారో ముందు అదే చెప్పండి. మీ దోస్తు మాత్రలు వేరు, ఒళ్లు వేరు.

ప్రశ్న: ఉపవాసం రోజు తేనె నిమ్మరసం, నెయ్యి వేసిన కాఫీ తాగొచ్చా?

జవాబు: నిమ్మరసం సరే, తేనె వద్దు, ఒక్క టీస్పూన్‌లో ఆరు గ్రాముల చక్కెర ఉంటుంది. పాలు, పంచదార లేని కాఫీలో నెయ్యి వేసుకుంటే కీటోసిస్ చెడదు గానీ, రెండు పెద్ద చెంచాలకు 240 క్యాలరీలు చేరతాయి. అలాంటివి రెండు కప్పులు తాగాక దాన్ని భోజనం అనే రాసుకోండి.