సార్ పాస్‌వర్డ్ తీసుకోకండి, క్యాలెండర్ వరకే యాక్సెస్ అడగండి

"మా సార్ డల్లాస్‌లో ఉంటారు. హైదరాబాద్ నుంచి ఆయన మీటింగులు నేను చూడాలి. గూగుల్ పాస్‌వర్డ్ ఇస్తానంటున్నారు, తీసుకోవచ్చా?" అని కదా మీ ప్రశ్న.

వద్దండి. ఆ పాస్‌వర్డ్‌తో క్యాలెండర్ ఒక్కటే రాదు. మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ మీ చేతికొస్తాయి. పైగా రేపు ఒక మీటింగ్ మాయమైతే ఎవరు తీసేశారో తేలదు. పద్ధతిగా షేర్ చేయించుకుంటే మీరు పెట్టిన ప్రతి ఈవెంట్‌లో 'క్రియేటెడ్ బై' అని మీ పేరు ఉంటుంది. అది మీకే రక్ష.

ఈ షేరింగ్ పని సార్ తన కంప్యూటర్ బ్రౌజర్‌లో చేయాలి, ఫోన్ యాప్‌లో ఈ సెట్టింగ్ దొరకదు. గూగుల్ క్యాలెండర్ తెరిచి, ఎడమవైపు 'మై క్యాలెండర్స్'లో ఆయన పేరు మీద కర్సర్ పెడితే మూడు చుక్కలు వస్తాయి. అవి నొక్కి 'సెట్టింగ్స్ అండ్ షేరింగ్'లోకి వెళ్లి, షేరింగ్ భాగంలో మీ మెయిల్ ఐడీ చేర్చాలి. మీకొచ్చే మెయిల్‌లోని లింకు నొక్కితేనే ఆ క్యాలెండర్ మీ జాబితాలో చేరుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి "సార్ షేర్ చేయలేదు" అనుకుంటారు. కంపెనీ ఖాతా అయి, మీ ఐడీ బయటిదైతే కొన్ని యాక్సెస్ స్థాయిలు ఎంచుకోనివ్వదు. అది కంపెనీ ఖాతాలు చూసే అడ్మిన్ పెట్టిన హద్దు, సార్ చేతిలో లేదు.

స్థాయిలు నాలుగు: ఖాళీయా బిజీయా అన్నది మాత్రమే, వివరాలు చూడటం, ఈవెంట్లు మార్చడం, మార్చడంతో పాటు షేరింగ్ కూడా నడపడం. మీకు కావలసింది మూడోది. నాలుగోది ఇస్తే ఆ క్యాలెండర్‌ను మీరు ఇంకెవరికైనా షేర్ చేయగలరు. ఆ అధికారం సహాయకులకు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. టీమ్‌లో మిగతావాళ్లకు మొదటిది చాలు.

అసలు దెబ్బ తగిలేది టైమ్ జోన్ దగ్గర. సార్ ఏప్రిల్‌లో "ప్రతి సోమవారం నాకు ఉదయం 9కి రివ్యూ పెట్టు" అన్నారనుకోండి. మీరు లెక్కేసి, మన సమయం సాయంత్రం 7:30కి వారం వారం రిపీట్ అయ్యేలా పెడతారు. అక్టోబరు దాకా ఏ ఇబ్బందీ ఉండదు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది, మన గడియారం కదలదు. తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నరకు పెరుగుతుంది. మర్నాడు సోమవారం ఆ రివ్యూ సార్‌కి ఉదయం 8కే మోగుతుంది. ఆయన పిల్లల్ని బడికి దింపుతూ ఉంటారు, అవతల పదిమంది కాల్‌లో కూర్చుని ఉంటారు. ఇందులో మీ లెక్క తప్పు లేదు, ఈవెంట్ భారత కాలానికి కట్టుబడి ఉంది, అంతే. చలికాలంలో పెట్టిన సిరీస్‌కు మార్చి రెండో ఆదివారం ఇదే తిరకాసు ఎదురవుతుంది.

అందుకే ఈవెంట్ పెట్టేటప్పుడే సమయం పక్కనున్న 'టైమ్ జోన్' నొక్కి, డల్లాస్ సమయమైన సెంట్రల్ టైమ్ ఎంచుకుని, నేరుగా 9 అని కొట్టండి. ఇప్పటికే తప్పుగా పెట్టేసి ఉంటే, వచ్చే వారం ఈవెంట్ తెరిచి జోన్ మార్చి, సమయం 9 అని ఉందో చూసుకుని 'దిస్ అండ్ ఫాలోయింగ్ ఈవెంట్స్'తో సేవ్ చేయండి. సెట్టింగ్స్‌లో రెండో టైమ్ జోన్ చూపించే ఆప్షన్ ఉంది, పెట్టుకోండి. కానీ అది పక్కన ఇంకో గడియారం చూపిస్తుందే తప్ప సిరీస్‌ని సరిచేయదు.

ఇంకో పొరపాటు, ఈవెంట్‌ని మీ సొంత క్యాలెండర్‌లో పెట్టి సార్‌ని అతిథిగా పిలవడం. అప్పుడు ఆర్గనైజర్ మీరవుతారు. మీరు ఉద్యోగం మారాక ఆ మీటింగులు అనాథలవుతాయి. సేవ్ చేసేముందు క్యాలెండర్ పేరున్న చోట సార్ పేరు ఎంచుకోండి. పాతవాటికి ఈవెంట్ మెనూలో 'ఛేంజ్ ఓనర్' ఉంది.

కొత్త ఆహ్వానాలు మీకూ తెలియాలంటే, మీ వైపు సెట్టింగ్స్‌లో సార్ క్యాలెండర్ తెరిచి 'అదర్ నోటిఫికేషన్స్'లో కొత్త, మారిన, రద్దైన ఈవెంట్లకు ఈమెయిల్ పెట్టుకోండి. పొరపాటున ఏదైనా చెరిగితే ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది.

సార్‌కి ఒక మాట ముందే చెప్పండి. మార్చే హక్కు ఉన్నవాళ్లకు 'ప్రైవేట్' అని గుర్తుపెట్టినవి కూడా పూర్తిగా కనిపిస్తాయి. డాక్టర్ అపాయింట్‌మెంట్ లాంటివి షేర్ చేయని వేరే క్యాలెండర్‌లో రాసుకుని, ప్రధాన క్యాలెండర్‌లో ఆ గంటను వట్టి 'బిజీ'గా మూస్తే సరి. ఇదేదీ వద్దని కొందరు, లాగిన్ లేకుండానే క్యాలెండర్ చూపించే 'ఐక్యాల్' సీక్రెట్ లింకుని వాట్సాప్‌లో పంపేస్తుంటారు, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ లింకు చేరిన ప్రతి ఒక్కరూ ఆ క్యాలెండర్ అంతా చదవగలరు. ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే, సార్ చేత 'సెట్టింగ్స్ అండ్ షేరింగ్' పేజీలో ఆ లింకు పక్కనున్న రీసెట్ నొక్కించండి, పాత లింకు పనిచేయడం ఆగిపోతుంది.