మోస్కాట్ ఇంట్లో అడుగుపెట్టిన అమ్మలుకి

అమ్మలూ,

ఐజాక్ బషేవిస్ సింగర్ నవల ‘ది ఫ్యామిలీ మోస్కాట్’ని నలభై పేజీలకే పక్కన పెట్టేశానన్నావు, పేర్లన్నీ కలిసిపోతున్నాయని. మొదటిసారి నేనూ అక్కడే ఆగిపోయాను. అందుకే చెప్తున్నా, పేర్లు బట్టీ పట్టకు. వరసలు తెలియని పెళ్లింటికి వెళ్తే ఏం చేస్తాం? మొదట ఎవరు ఎవరో తెలీదు, భోజనాల వేళకి ఎవరికి ఎవరంటే పడదో కూడా తెలిసిపోతుంది. ముందు ఆ యూదు కుటుంబానికి పెద్దయిన ముసలి మెషులాంని గట్టిగా పట్టుకో. ఎనభైకి దగ్గరపడ్డాక మూడో పెళ్లి చేసుకుని, కొత్త భార్యనీ ఆవిడ కూతురినీ వెంటబెట్టుకుని పోలండ్‌లోని వార్సాలో దిగుతాడు. ఇక ఆస్తి ఏమైపోతుందోనని కొడుకులకీ కూతుళ్లకీ అల్లుళ్లకీ ఒకటే టెన్షన్. ఈ టెన్షన్ మనకేం కొత్త కాదు కదా, దాన్ని పట్టుకుని వెళ్తే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే పరిచయమవుతారు.

వంశవృక్షం మాత్రం నీ చేత్తో నువ్వే గీసుకో. మెషులాం మనవరాలు హదస్సా తల్లి పేరు డాచా, తర్వాత హదస్సాకి పుట్టిన పాప పేరూ డాచానే. మనమూ నాయనమ్మ పేరు పెట్టుకుంటాం గానీ, అక్కడి యూదులు బతికున్నవాళ్ల పేరు పెట్టరు, పోయినవాళ్లదే పెడతారు. అది తెలిశాక ఆ పాపని ఎవరైనా పిలిచినప్పుడల్లా పోయిన అమ్మమ్మ గుర్తొస్తుంది, నాకైతే ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

‘రెబ్’ అంటే మన ‘గారు’ లాంటిదే, పూజారి అనుకోకు. శుక్రవారం పొద్దుగూకగానే సబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం, మొదలవుతుంది, అప్పట్నించి నిప్పు వెలిగించరు, డబ్బు ముట్టరు. కథానాయకుడు ఆసా హెషెల్ పల్లెటూరి నుంచి స్పినోజా పుస్తకంతో వస్తాడు చూడు, తత్వవేత్త అయిన ఆ స్పినోజాని ఆమ్‌స్టర్‌డాం యూదులు 1656లో వెలివేశారు. రబ్బీల, అంటే యూదు మతగురువుల, ఇంట పుట్టిన కుర్రాడి చేతిలో ఆ పుస్తకం ఉందంటే అతని కథ సగం అక్కడే ఉంది.

సింగర్ దీన్ని 1945 నుంచి 1948 దాకా న్యూయార్క్‌లో యూదుల భాష యిడ్డిష్‌లో వచ్చే పత్రిక ‘ఫోర్వర్ట్స్’లో సీరియల్‌గా రాశాడు, ఇంగ్లీషులో 1950లో వచ్చింది. కాబట్టి సీరియల్లాగే చదువు, రోజుకి రెండు అధ్యాయాలు చాలు. మెషులాం అల్లుడు అబ్రం వచ్చిన పేజీలు మాత్రం ఇంకా నెమ్మదిగా చదవాలి, అప్పులు చేస్తూ, ఆడవాళ్ల వెంట తిరుగుతూ, అందరి మీదా ప్రేమ కురిపించే అలాంటి మనిషిని నేను ఇంకే నవల్లోనూ చూడలేదు.

ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ఆ సీరియల్ నడిచేనాటికి పోలండ్ యూదుల్లో నూటికి తొంభైమంది లేరు, నాజీలు చంపేశారు, రాసినాయనకీ తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు. కథలో వాళ్లకి మాత్రం తెలియదు. అద్దెల గురించి, కట్నాల గురించి కొట్టుకుంటూనే ఉంటారు. వాళ్లని ‘అయ్యో పాపం’ అనుకుంటూ చదవకు, ఆ గొడవల్లో నువ్వూ ఒక పక్షం పట్టు, కోపమొస్తే కోప్పడు, అప్పుడే వాళ్లు నీకు మనుషుల్లా మిగులుతారు.

చివరి భాగం 1939 సెప్టెంబరు, వార్సా మీద జర్మన్ బాంబులు. దాన్ని రాత్రిపూట ఒంటరిగా మొదలుపెట్టకు. ఆదివారం పొద్దున కూర్చో, అయిపోగానే ఫోన్ చెయ్యి, నేను ఇంట్లోనే ఉంటా.

మీ పెద్దమ్మ